డేగిసాలో పడిన పరంగికాయ

కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వచ్చి, "సార్, మీ సర్వీసులో మీరు బాగా పండించిన పంట ఏది?" అని అడుగుతుంటారు. రిపోర్టులు అని చెప్తాను. వాళ్లు నవ్వుతారు. నేను నవ్వను. ఆ రోజుల్లో అనంతపురం జిల్లాలో వాన లేకపోయినా పండింది అదొక్కటే.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తల్లో గోరంట్ల వైపు ఒక బ్లాకులో నన్ను వ్యవసాయ విస్తరణాధికారిగా వేసినారు. కాలేజీలో నేను చదువుకున్నది నీళ్లుండే వ్యవసాయం. ఇక్కడ నా పని, వానలు పడితే ఏం చేయాలో రైతులకు చెప్పడం. వానలు పడేవి కావు కాబట్టి నా సలహా తప్పని నిరూపించే అవకాశం ఎవరికీ దొరకలేదు. సైకిల్ మీద ఊర్లోకి పోతే అరుగుల మీద పెద్దమనుషులు మర్యాదగా లేచి, "ఏం సారూ, వాన యాడిదాకా వచ్చిందంట?" అని అడిగేవాళ్లు. వానను దారిలో ఎక్కడో దాటి వచ్చినట్టు నేను, "ఇంకా మడకశిర దాటలేదు" అనేవాణ్ణి. అక్కడికి ఇద్దరి పనీ అయిపోయేది.

నేను చెప్పబోయే ఊర్లో ఒక గ్రామసేవిక ఉండేది. బత్తలపల్లె దగ్గర ఒక క్రైస్తవ కుటుంబం పిల్ల. బళ్లో చదువుకుని, ట్రైనింగు అయి, నల్లగొడుగు ఒకటి పట్టుకుని వచ్చింది. ఊరంతా ఆమెను సేవికమ్మ అనేది. ఆడవాళ్లకు వంటలు, పిల్లల ఆరోగ్యం, ఇంటి పెరడు గురించి చెప్పడం ఆమె ఉద్యోగం. అది టెంపరరీ పోస్టు. ఏడాదికోసారి పైనుంచి ఎవరో వచ్చి, ఉంచాలా తీసేయాలా అని చూసి పోతారు. తీసేస్తే ఆమె గొడుగు ముడుచుకుని ఇంటికి పోవాల్సిందే. ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ జీతం మీదనే.

ఆ ఊర్లో ఆమెకు కనిపించిన మొదటి సంగతి పిల్లల కళ్లు. పొద్దు గూకేవేళకి పిల్లలు ఆడుకుంటున్న చోటే కూలబడిపోయేవాళ్లు. తల్లులు వచ్చి చెయ్యి పట్టుకుని ఇండ్లకు తీసుకుపోయేవాళ్లు. రేచీకటి. కరువులో ఆకుకూర లేదు, పాలు లేవు, సంగటీ కారమూ తిని పెరిగే పిల్లలు. ఊరివాళ్లకు అది జబ్బని తెలియదు. పొద్దు గూకితే పిల్లలకు కనపడదు, తెల్లారితే కనపడుతుంది, అంతేననుకున్నారు.

"సార్, నాకు పరంగి మొక్కలు కావాల" అని అడిగింది నన్ను. పరంగికాయ అంటే బొప్పాయే. మా ఆఫీసు కాగితాల్లో బొప్పాయి, మా ఊర్లలో పరంగి. పండిన పండు కళ్లకు మంచిది, కడుపుకూ మంచిది. నీళ్లు ఎక్కువ అడగదు. స్నానాల నీళ్లు పారే చోట ఒకటి నాటితే ఏడాదికల్లా కాయలు వేలాడతాయి. వాన మీద ఆధారపడని పని నాకు దొరకడం అదే మొదలు. సంతోషంగా హిందూపురం నుంచి మొక్కలు తెప్పించి ఇచ్చినాను. ఇంటింటికీ నాటించినాం. చెట్లు పెరిగినాయి. ఊర్లో పచ్చగా కనపడేది ఆ చెట్లూ, పంచాయతీ ప్రెసిడెంటు గారి ఇంటి తలుపులకు వేసిన రంగూ.

అక్కడిదాకా బాగానే ఉండింది. తినే దగ్గర వచ్చింది చిక్కు.

ప్రెసిడెంటు గారి తల్లిని ఊరంతా పెద్దవ్వ అనేది. పంచాయతీకి కొడుకు ప్రెసిడెంటు, కొడుక్కి ఆమె ప్రెసిడెంటు. చెట్లు తొలికాపుకు వచ్చిన వారంలో ఆమె తీర్పు చెప్పింది. "పరంగికాయ వేడి. కడుపుతో ఉండేవాళ్లు తింటే నిలవదు. మన ఊర్లో ఎవరూ తినేకి లేదు." సేవికమ్మ పోయి నెమ్మదిగా చెప్పింది. "అవ్వా, పచ్చికాయ కడుపుతో ఉండేవాళ్లకు వద్దు, నిజమే. నేనూ అదే చెప్తాండా. బాగా పండిన పండు పిల్లోళ్లకు పెట్టొచ్చు గదా."

"ఈ పొద్దు పండు అంటావు. రేపు పచ్చిది అంటావు. తినొద్దంటే తినొద్దు" అనింది పెద్దవ్వ.

అంతటితో అయిపోయింది. సేవికమ్మ మీటింగులకు ఆడవాళ్లు రావడం తగ్గించినారు. ఎప్పుడన్నా వచ్చినా, "పరంగిపండు తింటాండారా?" అని అడిగితే, "అయ్యో, లేదమ్మా, కాకులు తింటాండాయి" అనేవాళ్లు. ఊరు ఊరంతా నెపం కాకుల మీద పెట్టినారు. ఒకరోజు ఆమె నాతో, "సార్, ఈ ఊర్లో కాకులకు చూపు బాగుండాది" అనింది. నవ్వుతూనే అనింది గానీ, ఆ గొంతులో నవ్వు సగమే ఉండింది.

ఇంతలో కబురు వచ్చింది. జిల్లా నుంచి పెద్ద ఆఫీసరు వస్తున్నాడు, ఈ పోస్టు సంగతి తేల్చడానికి. మా బీడీవో ముందురోజే వచ్చి, నాకూ సేవికమ్మకూ, "ఆడవాళ్లు ఒక్కరన్నా లేచి, మేం తింటాండాం అని చెప్పాల. లేకపోతే పోస్టు పోయినట్టే" అని చెప్పి, పోతూ పోతూ, "సారుకు అజీర్ణం. భోజనం తేలిగ్గా ఉండేట్టు చూడండి" అన్నాడు.

భోజనం ప్రెసిడెంటు గారిది. తేలిక అనే మాట ఆయనకు నచ్చదు. ఆఫీసరు వస్తే పొట్టేలు కోయాల్సిందే, లేకపోతే ఊరి పరువు పోతుంది. కరువు కాబట్టి లేతవన్నీ సంతకు పోయినాయి. మిగిలింది ఒక ముసలి పొట్టేలు. నేను ఆ ఊరికి పోతున్నప్పటినుంచీ అది చావిడి దగ్గరే కూర్చుని ఉండేది. దానికి పంచాయతీలో ఓటు ఉందేమో అని నాకు చాలాసార్లు అనుమానం వచ్చింది.

వండేదానికి గోరంట్ల నుంచి ఒక వంటమాస్టరును పిలిపించినారు. పెద్ద పెద్ద పెండ్లిళ్లకు వండినవాడు. బడి వెనకాల పొయ్యి మీద పెద్ద డేగిసా ఎక్కించి పొద్దున్నే మొదలుపెట్టినాడు. పొద్దు పైకి వచ్చింది. కట్టెలు అయిపోతున్నాయి. గరిటెతో ఒక ముక్క తీసి నొక్కితే, ముక్క గరిటెను నొక్కింది.

సేవికమ్మ బడిలో ఒక బెంచీ మీద తన వంటలు పెట్టుకుంటోంది. పచ్చి పరంగికాయ తాళింపు మీద చెనక్కాయల పొడి చల్లింది. పరంగికాయ వేసిన పప్పు. పండు గుజ్జును బెల్లంతో దగ్గరగా ఉడికించి బిళ్లలు చేసింది. పిల్లలకు కడుపులో పురుగులుంటే గింజలు ఎండబెట్టి నూరి పెట్టొచ్చని చెప్పేదానికి గిన్నెలో గింజలు కూడా పెట్టింది. ఇదంతా ఎవరికి చూపిస్తుందో ఆమెకే తెలియదు. మాంసం ఉడకలేదని డేగిసా దగ్గర నేనూ మాస్టరూ పడే గొడవ విని అక్కడికి వచ్చింది.

"మాస్టరూ, ఒక చెక్క పచ్చి పరంగికాయ వేస్తే తొందరగా ఉడుకుతాది" అనింది.

మాస్టరు గరిటె కింద పెట్టి నిలబడినాడు. "ఏమమ్మా, నాకు వంట నేర్పిస్తావా? నేను లగ్నాలకు వండినోణ్ణి. నా డేగిసాలో కాకులు తినేది వేస్తానా? అది వేస్తే నేను ఇప్పుడే గోరంట్ల బస్సు ఎక్కుతా."

"వద్దులే మాస్టరూ. నేను ముట్టుకోను" అని ఆమె బడిలోకి పోయింది. పోయి బెంచీ పక్కన కూర్చుంది. అక్కడినుంచి కదల్లేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత దీనికోసమే గొడవ.

మాస్టరు కట్టెలు తెచ్చుకునేదానికి పోతూ, "సారూ, కొంచేపు డేగిసా చూస్తాండు. కుక్కలు రాకుండా" అని నాకు అప్పగించినాడు. నాలుగేండ్ల కాలేజీ చదువుకు తగిన బాధ్యత మొదటిసారి దొరికింది. స్టూలు వేసుకుని కూర్చున్నాను.

కుక్కలు రాలేదు. మొదట పెద్దవ్వ చిన్నకోడలు వచ్చింది. "ఉప్పు చూసి రమ్మనింది మా అత్త. సారూ, రోడ్డు మీద దుమ్ము లేస్తాండాది, జీపేమో చూడప్పా" అనింది. లేచి పోయి చూసినాను. జీపు కాదు, గొర్రెలు. తిరిగి వచ్చేసరికి ఆమె మూత పెట్టి పోతోంది. కాసేపటికి ఇంకొకామె వచ్చింది. ఆమెకూ ఉప్పు అనుమానమే, ఆమెకూ రోడ్డు మీద దుమ్ము కనిపించింది. తర్వాత పక్కింటామె. ఇట్లా ఊర్లో ఆడవాళ్లు వచ్చినారు, పోయినారు. ప్రతి ఒక్కరూ కొంగు ఒకవైపు గట్టిగా పట్టుకుని వచ్చి, వదులుగా వేసుకుని పోతున్నారు. నాకు తోచిందల్లా, ఈ ఊరివాళ్లకు ఉప్పు మీద ఇంత శ్రద్ధ ఉందని ఇన్నాళ్లూ తెలియలేదే అని.

చివర్లో సాక్షాత్తూ పెద్దవ్వే వచ్చింది. కర్ర ఆనించుకుని నా ముందర నిలబడి, "ఏమప్పా, నీకు ఈడ ఏం పని? పో, జీపు వస్తాదేమో చూడుపో" అనింది. పెద్దవ్వ పొమ్మంటే ప్రెసిడెంటే పోతాడు. నేను పోయినాను.

జీపు దారిలో టైరు పంక్చరై మధ్యాహ్నం దాటినాక వచ్చింది. అది వేళకు వచ్చి ఉంటే డేగిసాలో బహుశా కొన్ని ముక్కలు మిగిలేవి.

ఆఫీసరు బక్కపల్చటి మనిషి. మాట తక్కువ, కడుపు మీద చెయ్యి ఎక్కువ. ముందు మీటింగే కానిద్దాం అన్నాడు. బడిలో ఒకవైపు మగవాళ్లు, ఒకవైపు ఆడవాళ్లు, నడుమ కుర్చీలో పెద్దవ్వ. ఆయన సేవికమ్మ చేసిన వంటలు చూసినాడు, చెట్ల లెక్క విన్నాడు, ఆడవాళ్ల వైపు తిరిగినాడు.

"అమ్మా, మీలో ఎవరెవరు ఇంట్లో బొప్పాయి వాడుతున్నారు?"

అందరూ పెద్దవ్వ వైపు చూసినారు. పెద్దవ్వ గోడ వైపు చూసింది.

"ఒక్కరు కూడా లేరా?"

"కాకులు తింటాయి సార్" అని వెనకనుంచి ఒక గొంతు. మగవాళ్లు నవ్వినారు.

ఆఫీసరు నవ్వలేదు. బీడీవో వైపు వంగి, ఆయనకు రహస్యంగానూ మా అందరికీ స్పష్టంగానూ వినపడేట్టు, "చెట్లు ఉన్నాయి, తినేవాళ్లు లేరు. ఇక్కడ ఈ పోస్టు అనవసరం" అన్నాడు. సేవికమ్మ బెంచీ మీది గిన్నెలకు మూతలు పెట్టడం మొదలుపెట్టింది. ఒక్కొక్కటి నిదానంగా, శబ్దం రాకుండా పెట్టింది. నాకు ఎటు చూడాలో తెలియక గోడ మీద దేశపటం చూసినాను. అందులో అనంతపురం ఎక్కడుందో దొరకలేదు.

భోజనాలు బయట పందిరి కింద. ఆఫీసరు ముందర ఆకు వేసి, సంగటి ముద్ద పెట్టి, మాస్టరు గొప్పగా డేగిసా మూత తీసినాడు. గరిటె దించి పైకెత్తినాడు. గరిటెలో ముక్క లేదు. ఇంకా లోతుకు దించినాడు. ఈసారి ఒక ఎముక వచ్చింది, చాకలి ఉతికినంత తెల్లగా. మాంసం అనేది డేగిసాలో ఎక్కడా లేదు. గోధుమరంగులో చిక్కటి జావ ఒకటి మెల్లగా బుడగలు తీస్తోంది. ఆ పొట్టేలు బతికుండగా ఎవరి మాటా వినలేదు, చచ్చినాక పూర్తిగా లొంగిపోయింది.

మాస్టరు మొహం నల్లబడింది. ప్రెసిడెంటు గారు, "ఏందిది?" అన్నాడు. మాస్టరు గరిటె పైకెత్తి బడి వైపు చూపించినాడు.

"ఆ సేవికమ్మే. పొద్దున్నే పరంగికాయ వేస్తానని నా మీదికి వచ్చింది. వద్దంటే ఎవరూ చూడకుండా వేసింది. ఊరి పరువు తీసింది."

సేవికమ్మ అప్పుడే గొడుగు చేతిలో పట్టుకుని బయటికి వచ్చింది. "నేను వేయలేదు మాస్టరూ. ముట్టుకోనన్నా, ముట్టుకోలేదు" అనింది. గొంతు పెంచలేదు. కానీ ఆ రోజు ఆమె మాటకు విలువ పోయి అప్పటికే అరగంట అయింది. పోస్టు పోతే పోయింది, ఆఫీసరు భోజనం చెడగొట్టిందనే పేరు కూడా వెంట పోయేట్టుంది.

"డేగిసాకు కాపలా నేనే ఉన్నాను సార్. ఆమె ఇటు రాలేదు" అన్నాను.

"మరి ఎవరొచ్చినారు?" అన్నాడు ఆఫీసరు.

నేను నోరు తెరిచినాను. పందిరి పక్కన ఆడవాళ్లంతా ఒక్కసారిగా నా వైపు చూసినారు. నోరు మూసుకున్నాను. "నేను రోడ్డు చూస్తున్నాను సార్" అన్నాను. నా సర్వీసంతటిలో అంత నిజమైన, అంత పనికిరాని జవాబు ఇంకొకటి ఇవ్వలేదు.

అప్పుడు పెద్దవ్వ చిన్నకోడలు కొంగు తలమీదికి లాక్కుని ముందుకు వచ్చింది.

"నేను వేసినా సార్. ఒక చెక్క. సేవికమ్మను ఏమీ అనొద్దండి."

ఆమె వెనకాల ఇంకొకామె, "ఒక చెక్క నేనూ వేసినా" అనింది. "నేనూ" అని పక్కింటామె. "నేను రెండు వేసినా, పొట్టేలును చూసినా గదా" అని ఒకామె. ఇట్లా ఒక్కొక్కరూ. మగవాళ్లు తమ భార్యల వైపు, డేగిసా వైపు మార్చి మార్చి చూస్తున్నారు. ఇంటి కూర ఎందుకంత మెత్తగా ఉంటుందో చాలామందికి ఆ నిమిషంలోనే తెలిసినట్టుంది.

ప్రెసిడెంటు గారు తల్లి వైపు తిరిగి, "చూసినావా అమ్మా, నువ్వు వద్దన్నా వీళ్లు" అని మొదలుపెట్టినాడు.

"నేనూ ఒక చెక్క వేసినాలేరా" అనింది పెద్దవ్వ. "మన ఇంట్లో ఎప్పుడూ ఒక చెక్కే వేస్తాం. ఈ ఊరోళ్లంతా వేస్తారని నాకేం తెల్సు?"

"ఎప్పుడూనా?"

"మరి నువ్వు, మా అమ్మ చేతి కూర వెన్న మాదిరి ఉంటాదని ఊరంతా చెప్పుకుంటాంటివి గదా. ఎట్లుంటాదనుకుంటివి?"

ప్రెసిడెంటు గారు కూర్చున్నాడు. మాస్టరు మాత్రం ఇంకా నిలబడే ఉన్నాడు. గరిటె మెల్లగా కిందికి దిగింది.

"ఇంతమంది వేస్తాండారని తెలిస్తే నేను వేయకపోదును గదా" అన్నాడు, ఎవరితోనో కాదన్నట్టు.

"నువ్వూ వేసినావా?" అన్నాడు బీడీవో.

"ముసలి పొట్టేలుకు వేయకుండా ఎట్లా సార్? కట్టెలతో పాటు తెచ్చుకున్నా. అది మా వృత్తిలో గుట్టు. అందరి ముందర ఆ అమ్మ చెప్పేస్తే నాకు కోపం రాదా?"

ఆఫీసరు ఇదంతా సంగటి ముద్ద మీద చెయ్యి పెట్టి వింటున్నాడు. ఆ జావలో ముద్ద అద్దుకుని నోట్లో పెట్టుకున్నాడు. కాసేపు ఆలోచించినాడు. ఇంకో ముద్ద పెట్టించుకున్నాడు. నమలాల్సిన పని లేని మాంసం ఆయనకు ఈ జిల్లాలో ఎవరూ పెట్టి ఉండరు.

"పచ్చికాయ సంగతి సరే. పండ్లు ఏమవుతున్నాయి?" అన్నాడు తింటూనే.

చిన్నకోడలు తల దించుకుని, "పాపకు పెడతా సార్. గుమ్మడిపండని చెప్పి బెల్లంతో కలిపి పెడతా. మా అత్తకు తెలీదు" అనింది.

"గుమ్మడికి మిరియాల మాదిరి నల్ల గింజలుంటాయా? పెరట్లో ఊడ్చేది నేను" అనింది పెద్దవ్వ.

సేవికమ్మ ఇంక ఆగలేకపోయింది. "తెలిసి ఎందుకు వద్దంటివి అవ్వా? నా పోస్టు పోతాండె గదా."

పెద్దవ్వ కర్ర మీద గడ్డం ఆనించింది. "తినండి అని చెప్తే మా ఆడోళ్లు పచ్చిదీ పండిందీ చూడకుండా, కడుపుతో ఉండేదీ లేందీ అని లేకుండా తింటారు. వద్దంటే దాచుకుని కొంచెమే తింటారు. కొంచెం తింటే మంచిదే గదా. నీ పోస్టు సంగతి ముందుగా నాకెవరు చెప్పినారు? చెట్టు గురించి చెప్తివి, కండ్ల గురించి చెప్తివి, నీ గురించి ఒక్కనాడన్నా చెప్తివా?"

సేవికమ్మ నిజంగానే చెప్పలేదు. ఆమె ట్రైనింగులో అన్నీ నేర్పినారు గానీ, తన గురించి చెప్పుకోవడం నేర్పలేదు.

పిల్లలూ, ఇక్కడ మీకొక మాట. ఆ తర్వాత నేను చాలా సర్వేలు చేసినాను. మైదానంలో అందరినీ కూర్చోబెట్టి చేతులెత్తించి రాసుకున్న జవాబుల కంటే, వంట దగ్గర ఎవరు ఏం దాచిపెట్టి తెస్తున్నారో చూడటం మేలని నా అభిప్రాయం. పై ఆఫీసుకు ఈ పద్ధతి రాసి పంపినాను. జవాబు ఇంకా రాలేదు.

ఆఫీసరు చెయ్యి కడుక్కుని, ఇంటింటికీ పోయి చెట్లు చూసినాడు. సేవికమ్మ బెల్లం బిళ్లలు రెండు జేబులో వేసుకున్నాడు కూడా. ఆ పొద్దు ఆయన కడుపుకు ఏ ఇబ్బందీ రాలేదని, ఆ సంగతి ఆయనే రెండుసార్లు చెప్పుకున్నాడని తర్వాత బీడీవో నాతో అన్నాడు. జీపు ఎక్కేముందు సేవికమ్మను పిలిచి, "ఈ పోస్టు ఉంచుతున్నాం" అన్నాడు.

"మీరు ఉంచేదేంది సారూ. మేము పంపిస్తే గదా పోయేది" అనింది పెద్దవ్వ పక్కనుంచి.

అప్పటికి పొద్దు గూకింది. జీపు కదలగానే పిల్లలంతా దాని వెనకాల పరిగెత్తినారు. పెద్దవ్వ మనవరాలు, ఆ చిన్నకోడలి పాప, అందరికంటే ముందు. మామూలుగా ఆ వేళకు తల్లులు పిల్లల పేర్లు పెట్టి అరుస్తూ వీధుల్లోకి వచ్చేవాళ్లు. ఆ రోజు ఎవరూ రాలేదు. గుంతలు దాటుకుని, కంపచెట్లు తప్పించుకుని, పిల్లలు మలుపుదాకా పోయి నిలబడినారు. సేవికమ్మ జీపును చూడటం లేదు. వాళ్ల కాళ్లనే చూస్తోంది.

"ఇంకా కనపడతాండాది, ఆడ పోతాండాది" అని మలుపు దగ్గరినుంచి పాప అరుస్తూనే ఉండింది, చాలాసేపు. మా ఇద్దరికీ దుమ్ము తప్ప ఏమీ కనపడలేదు.